ఒకే కాగులో రెండు ఉప్పులు: బీహార్ సురేకారం చరిత్ర

తుపాకీమందులో గంధకం, బొగ్గు రెండూ కలిసి నాలుగో వంతుకు మించవు. మిగిలిన మూడు వంతులూ సురేకారమే. పెట్లుప్పు అని కూడా వ్యవహరించే ఈ లవణం రసాయనశాస్త్ర పరిభాషలో పొటాషియం నైట్రేట్. మంట రగలడానికి కావలసిన ఆక్సిజన్‌ను ఇది తనలోనే ఇముడ్చుకుని ఉంటుంది గనుక, గాలి చొరబడని ఫిరంగి గొట్టంలో సైతం బొగ్గూ గంధకమూ క్షణంలో భగ్గుమంటాయి. 17వ శతాబ్దం నడిమి నుంచి సుమారు రెండు వందల ఏళ్లపాటు డచ్చి, ఆంగ్ల, ఫ్రెంచి వర్తక సంఘాలు ఈ సరుకు కోసం గంగానది ఒడ్డున పట్నా, ఛప్రా, హాజీపూర్ పరిసరాల్లో కొట్లు కట్టుకుని, ఒకదానితో ఒకటి పోటీపడి, చివరకు యుద్ధాలకు సైతం దిగాయి. ఇంతటి వర్తకానికి ఆధారమైనది సారన్, చంపారన్, తిర్హుత్ ప్రాంతాల పల్లెల్లో చౌటిమట్టిని గీకి, నానబెట్టి, కాచే నోనియా కులస్థుల చేతిపని. ఆ చేతిపనికి ఆధారమైనది నీటి వేడిని బట్టి సురేకారం కరిగే పరిమాణం విపరీతంగా మారడం, దానితో కలిసి ఉండే మామూలు ఉప్పు విషయంలో ఆ పరిమాణం దాదాపుగా మారకపోవడం. ఈ ఒక్క తేడా నోనియాకు ఒకే కాగులో రెండు సరుకులను వేరుగా చేతికిచ్చింది. వాటిలో ఒకటి ఓడలెక్కి సముద్రాలు దాటిపోగా, రెండోది అతని మెడకే చుట్టుకున్నది.

ఒక నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద 100 గ్రాముల నీటిలో అత్యధికంగా ఎన్ని గ్రాముల పదార్థం కరగగలదో ఆ సంఖ్యను ఆ పదార్థపు ద్రావణీయత అంటారు. అంతకుమించి కరిగించుకోలేని స్థితికి చేరిన ద్రావణాన్ని సంతృప్త ద్రావణం అంటారు. గడ్డకట్టబోయే నీటిలో, అంటే 0 డిగ్రీల సెల్సియస్ వద్ద, సురేకారం 13 గ్రాములు మాత్రమే కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద అది 32 గ్రాములకూ, 40 డిగ్రీల వద్ద 64 గ్రాములకూ, 60 డిగ్రీల వద్ద 110 గ్రాములకూ పెరిగి, నీరు మరిగే 100 డిగ్రీల వద్ద 245 గ్రాముల దరిదాపుకు చేరుకుంటుంది. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, 0 డిగ్రీల వద్ద సుమారు 36 గ్రాములు కరిగితే 100 డిగ్రీల వద్ద కూడా 39 గ్రాములకు మించి కరగదు. చన్నీటిలో సురేకారం కన్నా ఉప్పే ఎక్కువగా కరుగుతుందనీ, మరిగే నీటిలో ఉప్పుకు ఆరింతలు సురేకారం కరుగుతుందనీ ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఈ తేడాకు మూలం స్ఫటికం విడిపోవడానికి అవసరమయ్యే శక్తిలో ఉన్నది. లవణపు స్ఫటికంలో ధన, ఋణ విద్యుదావేశాలు గల అయాన్లు ఒకదానినొకటి పట్టుకుని బారులు తీరి ఉంటాయి. ఆ పట్టును విడదీయడానికి శక్తి ఖర్చవుతుంది, విడిపోయిన అయాన్లను నీటి అణువులు చుట్టుముట్టినప్పుడు కొంత శక్తి తిరిగి వస్తుంది. సోడియం క్లోరైడ్ విషయంలో ఖర్చూ రాబడీ దాదాపు సరిపోతాయి గనుక వేడిచేసినా చల్లార్చినా పెద్ద మార్పు ఉండదు. పొటాషియం నైట్రేట్ విషయంలో ఖర్చే ఎక్కువ. ఒక మోల్ లవణం కరగడానికి సుమారు 35 కిలోజౌళ్ల వేడిని అది పరిసరాల నుంచి లాక్కుంటుంది. సోడియం క్లోరైడ్‌కు కావలసినది 4 కిలోజౌళ్ల లోపే. వేడిని లాక్కుని కరిగే పదార్థానికి వేడి అందించిన కొద్దీ ఇంకా ఎక్కువగా కరగడం, చల్లార్చితే తిరిగి స్ఫటికంగా మారడం సహజ ధర్మం. ఆంధ్ర తీరంలో చినగంజాం, నౌపడా వంటి చోట్ల ఉప్పుమడులు కట్టేవారు సముద్రపు నీటిని ఎండకు ఆరబెట్టి, నీటినే వెళ్లగొట్టి ఉప్పును పండిస్తారు తప్ప, కాచి చల్లార్చి తీయాలని చూడకపోవడానికి కారణం కూడా ఇదే. కాగిన ఉప్పునీరు చల్లారినంత మాత్రాన గింజ కట్టేది బహుస్వల్పం.

బీహార్ నేలకు ఈ లవణం ఎక్కడి నుంచి వచ్చిందన్నది వేరే ముచ్చట. పశువుల మూత్రం, పేడ, కుళ్లిన ఆకులలమల్లోని నత్రజని మొదట అమ్మోనియాగా మారుతుంది; మట్టిలోని సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. ఇది జీవుల వల్ల జరిగే పని అని ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, మ్యూన్జ్ అనే శాస్త్రవేత్తలు 1877లో నిరూపించగా, 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవులను వేరుచేసి చూపించాడు. దట్టమైన జనావాసాలు, ఇంటింటా పశువులు, పొయ్యిలోని బూడిదను పెరట్లోనే పారబోసే అలవాటు, వానాకాలపు తడి, ఆ వెంటనే వచ్చే సుదీర్ఘమైన పొడి కాలం — ఇవన్నీ ఉత్తర బీహార్‌లో ఒక్కచోట కూడాయి. వానకు లోపలికి ఇంకిన నైట్రేట్లు, వానలు వెనకబడ్డాక మట్టిలోని సన్నని రంధ్రాల గుండా నీటితోపాటు పైకి పాకి, నీరు ఆవిరైపోగా, పాత గోడల మొదళ్లలోనూ, పశువుల కొట్టాల చుట్టూ, పాడుబడ్డ ఊరి దిబ్బల మీదా తెల్లగా పూస్తాయి. బూడిదలోని పొటాషియం ఆ నైట్రేట్లను సురేకారంగా మార్చడానికి తోడ్పడుతుంది.

నోనియా పని ఈ పూతతోనే మొదలయ్యేది. తెల్లబారిన నేలను పారతో పైపైన మాత్రమే గీకి, ఆ మట్టిని గంపలతో ఇంటి దగ్గరికి చేర్చేవారు. అక్కడ బంకమట్టితో కట్టిన గుండ్రటి తొట్టి ఉండేది; దాని అడుగుకు కొంచెం పైన వెదురు బద్దలు పరిచి, వాటి మీద గడ్డి వేసి, ఆ గడ్డి మీద చౌటిమట్టిని మరీ వదులు కాకుండా, మరీ బిగువు కాకుండా అడుగులతో తొక్కి అణచేవారు. వదులైతే పోసిన నీరు ఉప్పును పట్టకుండానే జారిపోతుంది, బిగువైతే అసలు దిగదు. ఆ తొక్కుడులోని అంచనాయే పనిలో సగం నేర్పు. పైన పోసిన నీరు గంటల తరబడి మట్టిలోంచి నెమ్మదిగా దిగి, కరగగలిగిన లవణాలన్నింటినీ తనలో కలుపుకుని, అడుగున ఉన్న రంధ్రం గుండా కుండలోకి గోధుమరంగు ఊటగా కారేది. ఆ ఊటను ఎండుటాకులు, గడ్డీ గాదం మంటగా పెట్టి కాచి, చిక్కబడ్డాక వెడల్పాటి మట్టి పాత్రల్లో పోసి చల్లార్చితే వచ్చేది కచ్చా శోరా, అంటే ముడి సురేకారం. దానిని తిరిగి వేడినీటిలో కరిగించి, మరగబెట్టి, తేరగట్టి, మరల చల్లార్చితే పొడవైన, పలకలు తేరిన కడ్డీల వంటి స్ఫటికాలు కట్టేవి. కలం ఆకారంలో ఉన్నందున ఆ మేలురకానికి కల్మీ శోరా అని పేరు వచ్చింది.

కాగులో జరిగేదేమిటో అంకెల్లో చూడవలసిన అవసరం ఉన్నది. మట్టి నుంచి దిగిన ఊటలో 300 భాగాల నీరు, 150 భాగాల సురేకారం, 90 భాగాల ఉప్పు ఉన్నాయనుకుంటే, కాచి కాచి నీరు 100 భాగాలకు తగ్గేసరికి, ఆ మరిగే నీరు 39 భాగాల ఉప్పును మాత్రమే నిలుపుకోగలదు. లవణాలు ఒకదాని ద్రావణీయతను మరొకటి కొంత మార్చే మాట నిజమే అయినా, స్థూలంగా 50 భాగాలకు పైగా ఉప్పు కాగు అడుగున గింజలుగా పేరుకుంటుంది. 245 భాగాల దాకా ఇముడ్చుకోగల ఆ నీటిలో సురేకారం మాత్రం రవ్వంతైనా బయటపడదు. అడుగున చేరిన ఉప్పును గరిటెతో తోడేసి, మిగిలిన ద్రవాన్ని చల్లార్చినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది: 20 డిగ్రీలకు దిగేసరికి 118 భాగాల సురేకారం స్ఫటికాలై విడిపోతుంది, ఉప్పు దాదాపుగా నీటిలోనే ఉండిపోతుంది. వేడిలో ఉప్పు, చలిలో సురేకారం — ఇదే ఈ వృత్తి మొత్తంలోని కీలకం. ఈ పని వానలు వెనకబడ్డాక సాగే కాలానికి బీహార్‌లో చలిరాత్రులు వస్తాయి. 30 డిగ్రీల వద్ద 45 గ్రాములను తనలోనే ఉంచుకునే నీరు 10 డిగ్రీల వద్ద 21 గ్రాములకే సంతృప్తమవుతుంది గనుక, అదే ద్రవం ఆ రాత్రుల్లో మరింత సరుకును విడుస్తుంది. స్ఫటికాలు తీశాక మిగిలిన ద్రవంలో ఇంకా కొంత సురేకారం ఉంటుందని ఎరిగిన నోనియాలు దానిని పారబోయక, గీకిన మట్టి మీదనే తిరిగి చల్లేవారు.

ఇదే కిటుకు వేర్వేరు కాలాల్లో వేర్వేరు దేశాల గ్రంథాలకు ఎక్కింది. 13వ శతాబ్దం చివర సిరియాకు చెందిన హసన్ అల్ రమ్మాహ్ రాసిన యుద్ధవిద్యా గ్రంథంలో సురేకారాన్ని కాచి స్ఫటికీకరించే పద్ధతితో పాటు, కట్టెబూడిద కలిపి శుద్ధిచేసే విధానం కూడా ఉన్నది. బూడిదలోని పొటాషియం కార్బొనేట్ ఊటలోని కాల్షియం నైట్రేట్‌తో చర్య జరిపి, కాల్షియాన్ని సుద్దగా అడుగున పడేసి, పొటాషియం నైట్రేట్‌ను ద్రావణంలో మిగులుస్తుంది. కాల్షియం నైట్రేట్ గాలిలోని తేమను పీల్చి చెమ్మగిల్లే స్వభావం గలది గనుక దానిని తొలగించకపోతే తుపాకీమందు నిలవకు పనికిరాదు. ఇటలీలో బిరింగుచ్చో 1540లోనూ, జర్మన్ నేలలో అగ్రికోలా 1556లోనూ వెలువడిన తమ లోహశాస్త్ర గ్రంథాల్లో సురేకారం కాచే పనికి చోటిచ్చారు. కానీ ఐరోపా నేలల్లో, ఆ వాతావరణంలో, ఈ లవణం బీహార్‌లో వలె విరివిగా పూయదు. ఇంగ్లండులో రాజాజ్ఞ పొందిన సురేకారపు మనుషులు జనం పావురాల గూళ్ల కిందా, కొట్టాల లోపలా నేలను బలవంతంగా తవ్వుకుపోయేవారు. 1626లో మొదటి చార్లెస్ రాజు ప్రజలు తమ ఇళ్లలోని మూత్రాన్ని దాచి ఈ పనికి ఇవ్వాలని శాసించాడు. యజమాని అనుమతి లేనిదే తవ్వరాదని 1656లో చట్టం వచ్చే నాటికి, హిందూస్థానం నుంచి సరుకు రావడం మొదలై ఉండడం కాకతాళీయం కాదనిపిస్తుంది.

హిందూస్థానంలో సురేకారానికి మందుగుండు ఒక్కటే ప్రయోజనం కాదు. అక్బరు కాలపు పాలనా వ్యవస్థను వర్ణిస్తూ అబుల్ ఫజల్ రచించిన ఐనీ అక్బరీలో, తాగునీటిని చల్లబరచడానికి ఈ లవణాన్ని వాడే పద్ధతి వివరంగా కనిపిస్తుంది. ఐదు శేర్ల నీటిలో రెండున్నర శేర్ల సురేకారం వేసి, నీరు నింపి మూతి బిగించిన లోహపు కూజాను ఆ ద్రావణంలో కొంతసేపు తిప్పితే లోపలి నీరు చల్లబడుతుంది. ఈ పాళ్లలోని నేర్పు గమనించదగినది. రెండు వంతుల నీటికి ఒక వంతు లవణమంటే 100 గ్రాములకు 50 గ్రాములు; ఎండాకాలపు వేడిలో ఉన్న నీరు ఇముడ్చుకోగలిగిన గరిష్ఠ పరిమాణం కూడా దాదాపుగా అంతే. అంతకు తక్కువ వేస్తే చల్లదనం తగ్గిపోవచ్చు, ఎక్కువ వేస్తే కరగక మిగులుతుంది. కరిగేటప్పుడు వేడిని లాక్కునే ఆ గుణమే, వేడినీటిలో ఎక్కువగా కరిగే గుణానికి మరో ముఖమన్న సంగతి శాస్త్రరూపంలో చెప్పడానికి ఇంకా మూడు వందల ఏళ్లు పట్టింది. తాగునీటి ఏర్పాట్లు చూసే ఆబ్దార్‌ఖానాలోని పనివాళ్లకూ, నోనియాలకూ అది చేతికి తెలిసిన విద్య.

విదేశీ వర్తకం మొదట తెలుగు, తమిళ తీరాన్నే ఆశ్రయించింది. మచిలీపట్నంలో స్థిరపడిన డచ్చివారూ ఆంగ్లేయులూ 17వ శతాబ్దం తొలి దశకాల్లో కోరమండల్ తీరపు సురేకారాన్ని కొనేవారు; పులికాట్ కోటలో డచ్చివారు ఏకంగా తుపాకీమందు తయారీ కేంద్రాన్నే నడిపారు. అయితే బీహార్ సరుకు మరింత చవక, మరింత విస్తారం. పైగా గంగ మీద పడవల్లో నేరుగా హుగ్లీ రేవుకు దిగివచ్చేది. శతాబ్దం నడిమికి వర్తకమంతా అటే మళ్లింది. తరువాత కలకత్తాకు పునాది వేసిన జాబ్ చార్నాక్ 1660ల నుంచి 1680 వరకు పట్నా కొటారులో గడిపిన కాలమంతా ప్రధానంగా సురేకారపు కొనుగోలుకే అంకితమైంది. బరువైన సరుకు కావడంతో దానిని ఓడ అడుగున నింపి, ఓడ తూగు నిలిపే భారంగా వాడుకుంటూ, పైన తేలికైన బట్టల మూటలు పేర్చేవారు. కూలి లేకుండా ప్రయాణం చేసే సరుకుగా అది లాభాన్ని పెంచింది. 1693 నాటి సన్నదు ఏటా 500 టన్నుల సురేకారాన్ని రాజుగారి ఆయుధశాలకు అమ్మే బాధ్యతను ఈస్టిండియా కంపెనీ మీద పెట్టడాన్ని బట్టి, ఇంగ్లండు యుద్ధసన్నాహం ఎంతగా ఈ పల్లెల మీద ఆనుకుని ఉన్నదో ఊహించవచ్చు. కొనుగోలులో వచ్చే ప్రధాన తగాదా కూడా ఉప్పు గురించే: సరుకులో మిగిలిపోయిన మాలిన్యపు శాతాన్ని, అందులోనూ ముఖ్యంగా మామూలు ఉప్పును, లెక్కగట్టి ధరలో కోత వేసేవారు.

నోనియాకూ కంపెనీకీ మధ్య దళారులు, ముందుగా బయానా ఇచ్చి బంధించే సాహుకార్లు, వారి పైన బెంగాల్ నవాబు అండ గల పెద్ద వర్తకులు ఉండేవారు; 1750లలో ఆర్మీనియన్ వర్తకుడు ఖ్వాజా వాజిద్ చేతిలో సురేకారపు గుత్తాధిపత్యం ఉండేది. ప్లాసీ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1758లో, క్లైవు కొత్త నవాబు మీర్ జాఫర్ నుంచి బీహార్ సురేకారం గుత్తను కంపెనీకి రాయించుకున్నాడు. డచ్చి, ఫ్రెంచి వారు అప్పటి నుంచి ఆంగ్లేయులు దయతలచి ఇచ్చిన వాటాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఏడేళ్ల యుద్ధంలో మందుగుండు కొరతతో నలిగిపోయిన ఫ్రాన్స్, 1775లో మందుగుండు వ్యవహారాలను ప్రభుత్వ ఆధీనంలోకి తెచ్చి, నలుగురు పర్యవేక్షకుల్లో ఒకరిగా లావోజియేను నియమించింది. ఆధునిక రసాయనశాస్త్రానికి పితామహుడనదగిన ఆ మనిషి ఏళ్ల తరబడి సురేకారపు శుద్ధి మీద శ్రమించవలసి రావడానికి వెనుక, పట్నా సరుకు చేజారిన సంగతి ఉన్నది. ఉష్ణోగ్రతను అడ్డగీత మీద, ద్రావణీయతను నిలువుగీత మీద గుర్తించి లవణాల ద్రావణీయతా వక్రాలను ఫ్రెంచి రసాయనవేత్త గే లుస్సాక్ ప్రచురించినది 1819లో. ఆ వక్రాల్లో సురేకారానిది కొండలా పైకి లేస్తుంది, మామూలు ఉప్పుది దాదాపు చదునుగా సాగిపోతుంది. పారిస్‌లో కాగితమ్మీద గీసిన ఆ రెండు గీతల మధ్య ఉన్న ఎడంతోనే నోనియాల తాతముత్తాతలు బతుకు వెళ్లదీశారు.

1861 చివర్లో అమెరికా అంతర్యుద్ధ సమయంలో, ఉత్తరాది ప్రభుత్వం పక్షాన లామో డ్యూపాంట్ లండన్‌కు వచ్చి దొరికినంత సురేకారాన్ని కొన్నాడు. అదే సమయంలో ట్రెంట్ ఓడ వివాదంతో బ్రిటన్, అమెరికా యుద్ధం అంచుకు చేరగా, బ్రిటన్ సురేకారపు ఎగుమతిని నిషేధించి, వివాదం సద్దుమణిగేదాకా ఓడలను కదలనివ్వలేదు. బీహార్ సరుకు ఒక ఖండపు యుద్ధాన్ని ఆపగల, నడపగల స్థితిలో ఉండడం అదే చివరిసారి కావచ్చు. చిలీ ఎడారుల సోడియం నైట్రేట్‌కు పొటాషియం క్లోరైడ్ కలిపి సురేకారం తయారుచేసే పద్ధతి 19వ శతాబ్దం రెండో భాగంలో జర్మనీలో విస్తరించింది. అందులో కూడా వేడి ద్రావణం నుంచి ఉప్పును ముందుగా తోడేసి, చల్లార్చి సురేకారాన్ని తీసే వరసే, కాగు మాత్రం ఇనుపది. ఆ తరువాత పొగరాని మందుగుండు రావడం, 20వ శతాబ్దంలో గాలిలోని నత్రజని నుంచే నైట్రేట్లు చేయడం మొదలుకావడంతో పట్నా వర్తకం క్షీణించింది.

ఇక కాగు అడుగున మిగిలిన ఉప్పు విషయం. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో సురేకారం కాచే ఇంటి నుంచి వచ్చే ఆ ఉప్పు చవకగా దొరికేది. ప్రభుత్వ సుంకం పడిన ఉప్పుకు అది పోటీ. అందుచేత వలసపాలకులు సురేకారం కాయడానికే లైసెన్సు పెట్టి, శుద్ధిలో విడిపోయిన ఉప్పు సుంకం కట్టనిదే బయటికి పోకుండా కట్టడి చేశారు. ప్రకృతి ధర్మం ప్రకారం విడిపోక తప్పని పదార్థం కారణంగా, దానిని విడదీసిన మనిషిని అనుమానితుడిగా చూడడం ఘోరమైన అన్యాయం. ఉప్పు తీయకుండా సురేకారం తీసే దారి నోనియాకు లేదని అధికారులకు తెలియని సంగతి కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని దత్తమండలాల్లో చౌటిమట్టి నుంచి ఉప్పు తీసే ఉప్పరుల వృత్తికి 19వ శతాబ్దం చివరి దశకాల్లో ఇంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. ఆ ఉప్పు తయారీని ప్రభుత్వం పూర్తిగా అణచివేసింది. అక్కడ ఉప్పరులూ, ఇక్కడ నోనియాలూ చెరువులు తవ్వడం, కట్టలు పోయడం, రోడ్డు పనుల్లో మట్టి మోయడం వంటి పనుల్లోకి పెద్ద సంఖ్యలో మళ్లారు.

1930లో ఉప్పు సత్యాగ్రహానికి పిలుపు వచ్చింది; బీహార్‌కేమో సముద్రతీరం లేదు. చంపారన్, సారన్ జిల్లాల్లో సత్యాగ్రహులు నోనియాల పద్ధతినే అనుసరించి, చౌటిమట్టిని గీకి, నీళ్లు పోసి ఊట దించి, మట్టికుండల్లో కాచి చట్టాన్ని ఉల్లంఘించారు; పట్నాలో అందుకు ఎంచుకున్న చోటు నఖాస్ పిండ్. పోలీసులు కుండలు పగలగొట్టినా, ఊట పారబోసినా, మరుసటి రోజు అదే చోట పొయ్యి మళ్లీ వెలిగేది. ఆ ఉప్పు మట్టి రంగు తేరి, కాస్త చేదుగా కూడా ఉండేది. ఊటలో తోడుగా దిగిన ఇతర లవణాలు పూర్తిగా విడిపోవాలంటే నోనియా చేతికి ఉన్న ఓపిక, ఎప్పుడు మంట తగ్గించాలో, ఎప్పుడు తోడాలో ఎరిగిన కన్ను కావాలి. ఉప్పు మీద సుంకం 1947లో రద్దయ్యింది. అప్పటికి ఆ కన్ను గల కుటుంబాల్లో చాలామటుకు మట్టిపనిలో స్థిరపడ్డాయి.